నగల కేటలాగ్ స్టూడియోకు కెమెరా స్టాండు ఎంపిక: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక నగల దుకాణం తన కేటలాగ్ మొత్తాన్ని కొత్తగా ఫొటోలు తీయించాలని నిర్ణయించుకుని ఆ పని నాకు అప్పగించినప్పుడు, నా స్టూడియోలో కెమెరాను నిలిపే ఏర్పాటును మొదటి నుంచి మళ్లీ ఆలోచించవలసి వచ్చింది. అప్పటిదాకా అక్కడ పచ్చళ్ల సీసాలు, మిఠాయి పెట్టెలు, ఇత్తడి సామాను వంటివి తీసేవాళ్లం. వాటికి మంచి ట్రైపాడ్ ఒకటి సరిపోయేది. నగల పని కెమెరా ఆధారం నుంచి కోరేది చాలా ఎక్కువ. ఏ లెక్కల మీద స్టాండును ఎంచుకున్నానో, ఎలా పరీక్షించానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గడియారాలు, గాజు సామాను, చిన్న యంత్ర భాగాలు తీసేవారికి కూడా ఇవే లెక్కలు వర్తిస్తాయి.

పని కోరినది

కాసులపేరు, గుట్టపూసల హారం, వడ్డాణం వంటి పొడవైన నగలను పరిచి నేరుగా పైనుంచి తీయాలి. జుంకాలను వేలాడదీసి, కెమెరాను వాటి ఎత్తుకే దించి ఎదురుగా తీయాలి. గాజులను, ఉంగరాలను కొంచెం పైనుంచి ఏటవాలుగా తీయాలి. అంటే ఒకే రోజులో కెమెరా బల్ల మీద నిట్టనిలువుగా కిందికి చూడాలి, వేలాడే జుంకాకు సమంగా దిగాలి, మళ్లీ పైకి వెళ్లాలి.

ఇంతకన్నా కష్టమైన సంగతి మరొకటి ఉంది. నగను ఒకే వెలుగులో తీస్తే అందులోని పదార్థాలన్నీ ఒకేలా పలకవు. మెరుగు పెట్టిన బంగారానికి పెద్ద డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెర) వెనుక నుంచి వచ్చే మెత్తని వెలుగు కావాలి. కెంపులకు, పచ్చి వజ్రాలకు చిన్నగా, సూటిగా తగిలే వెలుగు కావాలి. గుట్టపూసలు పక్క నుంచి వచ్చే వెలుగులోనే గుండ్రంగా కనిపిస్తాయి. అందుకని కెమెరాను కదపకుండా, లైట్లు మాత్రం మార్చుతూ ఒకే ఫ్రేమును పలుమార్లు తీసి, కంప్యూటరులో లేయర్ మాస్కులతో (ప్రతి ఫ్రేములో కావలసిన భాగాన్నే కనిపించనిచ్చే పద్ధతి) ఒకటిగా కూర్చుతాము. జుంకాల విషయంలో దీనికి ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫ్రేములను కలిపి నగ మొత్తాన్ని పదునుగా చూపడం, కూడా తోడవుతుంది. ఈ ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చోవాలి. రాయి అంచు ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా, బంగారం గూటికీ కెంపుకూ మధ్య సన్నని రంగు గీత తేలుతుంది. సాఫ్ట్‌వేర్ సాయంతో లేయర్లను జరిపి కలుపుకోవచ్చు గాని, కెమెరా కోణమే మారి ఉంటే ఒకచోట కలిపిన అంచు మరోచోట విడిపోతుంది.

దుకాణం తరఫున వచ్చిన మేనేజరు గారు మొదటి రోజే ఒక షరతు చెప్పారు: "సార్, నగ ఎప్పుడూ మా మనిషి కళ్లెదుటే ఉండాలి. సాయంత్రానికి మళ్లీ లాకర్‌లోకి వెళ్లిపోవాలి." కూర్పులో లోపం రాత్రి బయటపడితే మర్నాడు తిరిగి తీసే వీలు లేదన్నమాట. పైగా నెలల తర్వాత కొత్త నగలు వచ్చినప్పుడు అవి పాత ఫొటోల పక్కన అదే కోణంలో, అదే కొలతలో కనిపించాలి. కెమెరా కదలకుండా ఉండటంతో పాటు, విడిచిన చోటికి మళ్లీ ఖచ్చితంగా చేరుకోగలగాలి.

పిక్సెల్ లెక్క

నేను వాడేది నికాన్ డి850 కెమెరా, చిన్న వస్తువులను దగ్గర నుంచి తీసే 105 మి.మీ. మైక్రో లెన్స్. రెండూ కలిపి సుమారు కిలోముప్పావు. సెన్సార్ వెడల్పు 35.9 మి.మీ., అడ్డంగా 8,256 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.35 మైక్రాన్లు. ముక్కుపుడకను అసలు పరిమాణంలో, అంటే 1:1లో తీసినప్పుడు, నగ మీద కూడా ఒక పిక్సెల్ అంతే. అక్కడ మిల్లీమీటరులో వందో వంతు జరిగితే రెండు పిక్సెళ్లు దాటిపోయినట్టే.

హారానికి దాదాపు 45 సెం.మీ. వెడల్పు ఫ్రేములోకి రావాలి. అప్పుడు ఒక పిక్సెల్ నగ మీద సుమారు 0.055 మి.మీ. అవుతుంది. ఇది కాస్త ఊరటగా కనిపిస్తుంది గాని, కోణంగా మార్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: కెమెరా ఒక డిగ్రీలో సుమారు 450వ వంతు వాలితే చాలు, బొమ్మ ఒక పిక్సెల్ జరుగుతుంది. కంటికి గాని, చేతికి గాని తెలిసే కదలిక కాదది.

మరో లెక్క ఎత్తుది. ఆ హారాన్ని 105 మి.మీ. లెన్స్‌తో ఫ్రేము నిండా తీయాలంటే లెన్స్ నగకు సుమారు 1.4 మీటర్ల పైన ఉండాలి. మామూలు బల్ల ఎత్తు 75 సెం.మీ. కనుక లెన్స్ నేల నుంచి 2.15 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, కెమెరా దానికీ పైన ఉంటుంది. 60 మి.మీ. మైక్రో లెన్స్ వాడితే ఈ దూరం 80 సెం.మీ. దగ్గరికి తగ్గిపోతుంది, సాధారణ ట్రైపాడ్‌తోనే పని గడుస్తుంది. ఈ దారిని నేను చాలాసేపు ఆలోచించాను. కాని దగ్గర నుంచి తీసినప్పుడు ఫ్రేము అంచుల్లోని కాసుల పక్క గోడలు కనిపిస్తాయి, ఉబ్బెత్తు పతకం తన అసలు నిష్పత్తి కన్నా పెద్దదిగా తోస్తుంది, నల్లని కెమెరా నీడ మెరిసే బంగారంలో పెద్ద మచ్చగా పడుతుంది. అందుకని లెన్స్‌ను అలాగే ఉంచి బల్లను 45 సెం.మీ. ఎత్తుకు దించాను. లెన్స్ 1.85 మీటర్లకు వచ్చింది. జుంకాలకు అదే బల్ల మీద లెన్స్ సుమారు 65 సెం.మీ. ఎత్తుకు దిగాలి. కొనబోయే ఆధారం ఈ రెండు ఎత్తుల మధ్య తడబాటు లేకుండా తిరగాలి, బల్ల మధ్యకు 60 సెం.మీ. చేయి చాచాలి, ఆ స్థితిలో ఒక పిక్సెల్ కూడా జరగకూడదు. ఎంపికకు కొలబద్ద ఇదే అయింది.

ట్రైపాడ్ దగ్గర తలెత్తే చిక్కులు

ట్రైపాడ్ డబ్బా మీద రాసే మోత పరిమితిని చూసి చాలామంది మోసపోతారు. ఇంత బరువు పెడితే విరగదు, జారదు అని మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఆ బరువు కింద ఎంత వంగుతుందో, తాకితే ఎంతసేపు ఊగుతుందో చెప్పదు. పైగా దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా కొలుస్తుంది. కిలోముప్పావు కెమెరాకు పది కిలోల ట్రైపాడ్ ధారాళమే కదా అన్న లెక్క స్టూడియోలో పనికిరాదు.

నేరుగా పైనుంచి తీయాలంటే ట్రైపాడ్‌కు అడ్డంగా ఒక చేయి బిగించాలి. ఒక చివర బిగించి, రెండో చివర బరువు పెట్టిన చేయి ఎలా వంగుతుందో ఇంజనీరింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు: పొడవు రెట్టింపైతే కొస దగ్గర కుంగుదల ఎనిమిది రెట్లవుతుంది. 30 సెం.మీ. దాకా బుద్ధిగా ఉన్న చేయి 60 సెం.మీ. దగ్గర అదుపు తప్పడానికి కారణం అదే. గొట్టం విషయంలో ఇదే సూత్రం మనకు మేలు చేస్తుంది. గోడ మందం అదే ఉంచి గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే అది వంగకుండా నిలిచే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కనుక స్టాండు చూసేటప్పుడు నేను మొదట బరువు అంకెను చూడను; గొట్టం ఎంత లావుందో, ఎన్ని కీళ్లున్నాయో చూస్తాను. ట్రైపాడ్‌లో ప్రతి కాలికీ రెండు మూడు బిగింపులు, మధ్య స్తంభానికి ఒకటి, అడ్డ చేతికి ఒకటి, కెమెరాను పట్టుకుని వాల్చే హెడ్‌కు మూడు ఉంటాయి. ఒక్కో బిగింపు వెంట్రుకంత వదులున్నా కొసకు చేరేసరికి అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. మధ్య స్తంభాన్ని పూర్తిగా పైకి లేపితే, మూడు కాళ్ల మీద ఒంటికాలు స్టాండును నిలబెట్టినట్టే అవుతుంది.

దీనికి మించి, బల్ల చుట్టూ చోటు సమస్య ఉంది. మూడు కాళ్లు చాచిన ట్రైపాడ్, నాలుగు లైట్ స్టాండ్లు, రిఫ్లెక్టర్లు పట్టుకునే క్లాంపులు ఒకే చోట పోగవుతాయి. ఇరవయ్యో ఫ్రేము దగ్గర అసిస్టెంటు కాలు ట్రైపాడ్‌కు తగిలితే మొదటి పంతొమ్మిదీ వృథా.

పక్కన పెట్టిన మరి రెండు

సీలింగ్‌కు రైలు బిగించి కెమెరాను వేలాడదీసే పద్ధతిని త్వరగానే వదిలేశాను. అద్దె భవనంలో శ్లాబుకు రంధ్రాలు వేయనివ్వరు; వేయనిచ్చినా, పై అంతస్తులో నడిచే ప్రతి అడుగూ కెమెరాకు చేరుతుంది.

కాపీ స్టాండు సంగతి అలా కాదు. పాత పత్రాలు, నాణేలు తీయడానికి వాడే ఈ స్టాండులో నిలువు స్తంభం కింది పలకకే బిగించి ఉంటుంది. నగ ఉన్న పలకా, కెమెరా ఉన్న స్తంభమూ ఒకే ముక్క కావడం దాని అసలు బలం. ఫొటో అలుక్కుపోయేది కెమెరా కదిలినందుకు కాదు, కెమెరాకూ వస్తువుకూ మధ్య దూరమో కోణమో మారినందుకు. రెండూ కలిసి ఊగితే బొమ్మకు ఏ నష్టమూ ఉండదు. ఆ ఒక్క గుణం కోసం దాన్ని కొనాలనిపించింది. కాని సాధారణంగా దొరికే కాపీ స్టాండ్ల స్తంభం మీటరుకు అటూఇటూ మాత్రమే ఉంటుంది, అది 105 మి.మీ. లెన్స్‌తో హారానికి చాలదు. జుంకాలకు ఎదురుగా దిగడం దానికి అసలే సాధ్యం కాదు.

కాలమ్ స్టాండు

చివరకు ఎంచుకున్నది చక్రాల పీఠం మీద లావైన నిలువు స్తంభం, దాని వెంట పైకీ కిందికీ జారే అడ్డ చేయి ఉన్న స్టూడియో కాలమ్ స్టాండును. పెద్ద ప్లేట్ కెమెరాల కాలంలో పోర్ట్రెయిట్ స్టూడియోలలో ఉండే చక్రాల చెక్క స్టాండ్లకు ఇది వారసురాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫోబా, నెదర్లాండ్స్‌కు చెందిన కాంబో, ఇటలీకి చెందిన మాన్‌ఫ్రాటో ఇలాంటివి తయారు చేస్తాయి. స్తంభం లోపల ప్రతిబరువు ఉండటం వల్ల కెమెరాను ఒక చేత్తో పైకి నెట్టవచ్చు, వదిలిన చోట అది ఆగుతుంది. ఎత్తు మార్చినా కెమెరా చూసే దిక్కు మారకపోవడమే నా పనికి దీనిలోని గొప్ప సుగుణం. ట్రైపాడ్‌లో ఎత్తు మార్చితే కోణం, దూరం, సమతలం అన్నీ మళ్లీ సర్దుకోవాలి. ఇక్కడ ఒక కదలిక ఒకే కదలికగా ఉంటుంది. స్తంభానికి, చేతికి మీటరు టేపు అంటించి, జుంకాలకు ఇంత, గాజులకు ఇంత అని పుస్తకంలో రాసుకుంటే నెలల తర్వాత అదే ఫ్రేముకు తిరిగి రావచ్చు.

కొత్తది కొనాలంటే మంచి కాలమ్ స్టాండు ధర కెమెరా ధరను దాటిపోతుంది. నేను మూతపడిన ఒక అడ్వర్టైజింగ్ స్టూడియో నుంచి వాడినదాన్ని తీసుకున్నాను. కెమెరాలు నాలుగైదేళ్లకు పాతబడతాయి, ఇనుప స్తంభానికి ఆ బాధ లేదు. కాబట్టి వాడిన స్టాండు కొనడానికి వెనుకాడనక్కరలేదు. అయితే కొన్ని చూసుకోవాలి. ప్రతిబరువును మోసే ఉక్కు తాడులో ఒక్క పోగు తెగి కనిపించినా దాన్ని మార్చిన తర్వాతే వాడాలి, ఎందుకంటే అది తెగితే చేయి, కెమెరా, లెన్స్ అన్నీ బల్ల మీద ఉన్న నగ మీదికే దిగుతాయి. చేయి కొసను వేలితో పైకీ కిందికీ మెల్లగా నొక్కి, రోలర్ల దగ్గర టక్కుమనే వదులు ఉందేమో వినాలి. కెమెరాకు వేరుగా ఒక సేఫ్టీ తాడు కట్టి దాన్ని స్తంభానికి తగిలించడం నేను ఎన్నడూ మానను.

హెడ్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: స్టిల్ లైఫ్‌కు, అంటే కదలని వస్తువుల ఫొటోలకు, బంతి కీలు మీద తిరిగే బాల్ హెడ్ పనికిరాదు. ఫ్రేము సరిచూసుకుని బిగించగానే అది కొద్దిగా కిందికి వాలుతుంది. ఆ వాలును ముందే ఊహించి పైకి పెట్టి బిగించడం ఆటలా సాగుతుంది. ఒక దిక్కు సరిచేయబోతే మూడు దిక్కులూ వదులవుతాయి. గేర్డ్ హెడ్‌లో ఒక్కో అక్షానికి ఒక్కో మర ఉంటుంది, మిగతా రెండూ కదలవు. మాన్‌ఫ్రాటో 410 హెడ్ మోత పరిమితి 5 కిలోలు, 405ది 7.5 కిలోలు. నా కెమెరాకు రెండూ చాలు. కాని లెన్స్ బరువు ముందుకు లాగుతుంది కనుక 405ను తీసుకున్నాను. అది ఒక వైపుకు 90 డిగ్రీలు, ఎదురు వైపుకు 30 డిగ్రీలు మాత్రమే వాలుతుంది. నిట్టనిలువుగా కిందికి చూసే పనికి ఏ వైపు బిగించాలో ముందే చూసుకోవాలి. గేర్లలో సహజంగా ఉండే కొద్దిపాటి వదులు వల్ల, మరను ఎప్పుడూ కెమెరాను పైకి లేపే దిశలోనే తిప్పి ఆపాలి. కిందికి తిప్పి ఆపితే, పళ్ల మధ్య మిగిలిన సందు పూడే దాకా కెమెరా మెల్లగా దిగుతూనే ఉంటుంది.

నేల, బల్ల

స్టాండు వచ్చాక దాని కింద ఉన్నదాని సంగతి చూడాలి. స్టూడియో మొదటి అంతస్తులో ఉంది. శ్లాబు నడిమి భాగం మనిషి నడిస్తే కొద్దిగా వంగుతుంది, దూలాల దగ్గర ఆ వంపు తక్కువ. కనుక సెట్టును గది మధ్య నుంచి, దూలం గోడను కలిసే మూలకు మార్చాను. టైల్స్‌ను నాణెంతో తట్టి, కింద సిమెంటు పట్టక డొల్లగా మోగేవాటిని తప్పించాను. చక్రాల మీద స్టాండును తోసుకెళ్లవచ్చు గాని, చక్రాల మీదే ఫొటో తీయకూడదు. రాణిగంజ్‌లో దొరికే యంత్రాల లెవెలింగ్ ప్యాడ్లను పీఠానికి బిగించి, తీసే సమయంలో చక్రాలు నేలకు తగలకుండా లేపుతాము.

కాపీ స్టాండు నేర్పే పాఠం బల్లకు కూడా వర్తిస్తుంది: కెమెరా ఎంత నిలకడగా ఉన్నా బల్ల ఊగితే లాభం లేదు. ప్లైవుడ్ బల్లను తీసేసి, బాలానగర్‌లో ఇనుప చట్రం చేయించి, దాని మీద వంటింటి గట్లకు వేసే 20 మి.మీ. గ్రానైట్ పలక వేయించాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న ఆ పలకే సుమారు 60 కిలోలు ఉంటుంది. జుంకా వేలాడే కడ్డీని లైట్ స్టాండుకు కాక ఆ చట్రానికే బిగించాము. ఏసీ గాలి జుంకాను తగిలితే మాత్రం ఏ గ్రానైటూ ఆపలేదు. జుంకాలు తీసేటప్పుడు ఏసీ, ఫ్యాను రెండూ ఆపవలసిందే.

పరీక్షలు

కంటితో తెలియని కదలికను కొలవడానికి రెండు చవకైన పద్ధతులు వాడాను. మొదటిది అద్దం ముక్కది. గోరంత అద్దం ముక్కను కెమెరా హాట్ షూ (పైన ఫ్లాష్ బిగించే చోటు) మీద అంటించి, గోడ అలమరలో పెట్టిన లేజర్ పాయింటర్ కిరణాన్ని దాని మీద పడేలా చేస్తే, ప్రతిఫలించిన ఎర్రచుక్క ఎదుటి గోడ మీద పడుతుంది. అద్దం తిరిగిన కోణానికి రెట్టింపు కోణంలో కిరణం తిరుగుతుంది కనుక, 5 మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క దాదాపు 0.4 మి.మీ. జరిగితే బొమ్మలో ఒక పిక్సెల్ జరిగినట్టు. గోడకు గ్రాఫ్ కాగితం అంటించి చూస్తూ అసిస్టెంటును గదిలో నడవమన్నాను. అడ్డ చేయి బిగించిన ట్రైపాడ్ మీద ప్రతి అడుగుకూ చుక్క గడి దాటి ఊగి, నెమ్మదిగా తేరుకుంది. కాలమ్ స్టాండు మీద, దూలం దగ్గర, చుక్క అంచు కాస్త వణికి వెంటనే నిలిచింది.

రెండోది ఫొటోషాప్‌లో చేసేది. కెమెరాను తాకకుండా కొన్ని నిమిషాల తేడాతో రెండు ఫ్రేములు తీసి, ఒకదానిపై ఒకటి పెట్టి, పై లేయరును డిఫరెన్స్ మోడ్‌లో ఉంచితే, కదలని చోటల్లా నలుపు వస్తుంది, కదిలిన చోట అంచులు తెల్లగా గీతల్లా తేలతాయి. ట్రైపాడ్ ఫ్రేముల్లో ప్రతి కాసు చుట్టూ కింది వైపున తెల్లని నెలవంక కనిపించింది. అంటే చేయి బిగించాక కూడా కుంగుతూనే ఉంది. కాలమ్ స్టాండులోనూ బిగించిన వెంటనే తీస్తే కొంచెం గీత ఉంది, కాసేపు ఆగి తీస్తే పూర్తి నలుపు వచ్చింది. అప్పటి నుంచి కెమెరా బిగించాక లైట్లు సర్దడం మా పద్ధతి. ఆ సమయంలో స్టాండు తనంతట తాను సర్దుకుంటుంది.

కెమెరాను కంప్యూటరుకు కలిపే టెథరింగ్ కేబుల్ ఇక్కడ ఎవరూ అనుమానించని దొంగ. కంప్యూటరు నుంచి నేరుగా కెమెరాకు వేలాడుతూ ఉంటే దాని బరువూ ఊపూ కెమెరాకే చేరతాయి. దాన్ని స్తంభానికి, తర్వాత చేతికి క్లిప్పులతో పట్టించి, కెమెరా దగ్గర ఒక వదులు మెలిక మాత్రమే ఉంచుతాము.

నగల మెరుపును కంటితో చూస్తూ సర్దుకోవాలి కనుక నేను ఎల్ఈడీ లైట్లే వాడతాను. ఐఎస్ఓ 64, ఎఫ్/11 దగ్గర షట్టరు పావు సెకను నుంచి ఒక సెకను దాకా తెరిచి ఉంటుంది. స్టాండు చిన్న వణుకు కూడా బొమ్మలో పడేది ఈ వేగాల్లోనే. కెమెరా లోపలి అదురును తగ్గించే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టరు, మిర్రర్ అప్ వాడడం, లెన్స్‌లోని వీఆర్‌ను (వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపడం తప్పనిసరి. చీకటి గదిలో ఫ్లాష్ వాడేవారికి ఫ్లాష్ మెరుపే క్షణంలో ముగుస్తుంది కనుక వణుకు బాధ దాదాపు ఉండదు. కాని ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య జరిగే కుంగుదలను ఫ్లాష్ కూడా ఆపలేదు.

కెమెరా బల్లకు సరిగ్గా లంబంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూస్తే చాలదు, బల్ల తానే వాలి ఉండవచ్చు. ఒక చిన్న అద్దాన్ని గ్రానైట్ మీద పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే చూసుకునేలా గేర్లు తిప్పాలి. లెన్స్ నల్లని బొట్టు ఫ్రేము నట్టనడుమకు వచ్చిందంటే కెమెరా అద్దానికి లంబంగా ఉంది. కాసులపేరులో అన్ని కాసులూ ఒకే గుండ్రదనంతో రావడానికి ఇదే మూలం.

జుంకాలను సగం పరిమాణంలో, అంటే 1:2లో, ఎఫ్/8 దగ్గర తీస్తే, పిక్సెల్ స్థాయి పదును ఉండే లోతు ఒక మిల్లీమీటరుకు మించదు. రెండున్నర సెంటీమీటర్ల లోతున్న జుంకాకు పాతిక ముప్పై ఫ్రేములు తక్కువ కాకుండా కావాలి, మళ్లీ బంగారానికి ఒక వరుస, రాళ్లకు ఒక వరుస. డి850లోని ఫోకస్ షిఫ్ట్ సౌకర్యం కెమెరాను తాకకుండానే ఈ వరుసలు తీస్తుంది. రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి కూర్చోవడం మొదలయ్యాక, రీటచింగ్‌లో అంచులు సరిదిద్దే పని దాదాపు పోయింది. ఆ సమయం రాళ్ల రంగు దిద్దడానికి వెళ్లింది, కేటలాగులో తేడా అక్కడే కనిపించింది.

చోటూ డబ్బూ లేనివారు ఇదంతా లేకుండానే చాలా దూరం వెళ్లవచ్చు. ఉన్న ట్రైపాడ్ మధ్య స్తంభాన్ని పూర్తిగా దించి, సన్నని కింది గొట్టాలను బయటికి తీయకుండా, కాళ్ల మధ్య ఇసుక సంచి వేలాడదీసి, 60 మి.మీ. లెన్స్‌తో తక్కువ ఎత్తున తీయండి. మొదటి డబ్బులు గేర్డ్ హెడ్‌కు, తర్వాతవి బరువైన బల్లకు, ఆఖరున స్తంభానికి పెట్టమని నేను చెబుతాను.

ఈ కాలమ్ స్టాండు తీర్చలేని పని ఒకటి మిగిలింది. దుకాణంలోని కొన్ని పాత నగలను, ముఖ్యంగా ఒక బరువైన వడ్డాణాన్ని, లాకర్ గది దాటనివ్వరు. స్టాండు ఆ తలుపులో పట్టదు. రద్దీగా ఉండే దుకాణపు నేల మీద ట్రైపాడ్‌ను నమ్మలేను. అందుకని ఆ నగల కోసం ఒక చిన్న కాపీ స్టాండును విడిగా కొన్నాను. లాకర్ గదిలో ఎత్తు తక్కువ, అక్కడ 60 మి.మీ. లెన్స్‌కు ఒప్పుకోక తప్పదు. ఆ పలక మీద వడ్డాణాన్ని రెండు భాగాలుగా తీసి కలుపుతున్నాము.